ప్లానుకూ పునాదికీ నడుమ: హైదరాబాదు భవన నిర్మాణ నియంత్రణ సంస్కరణలు – చారిత్రక పరిశీలన (1908–2020)

వ్యాససంగ్రహం

హైదరాబాదు నగరంలో భవన నిర్మాణాన్ని నియంత్రించే చట్టాలు, నియమాలు 1908 మూసీ వరదల నాటి నుంచి 2020 వరకు ఏ క్రమంలో మారుతూ వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి సంస్కరణా ఎవరి ప్రయోజనాన్ని ఉద్దేశించింది, తనిఖీ బాధ్యతను ఎవరికి అప్పగించింది అనే రెండు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం. నగరవాసి ఆరోగ్యం, నగర ప్రణాళిక, కొనుగోలుదారు హక్కు, దరఖాస్తుదారు సౌకర్యం క్రమంగా నియంత్రణకు లక్ష్యాలయ్యాయి. భవనాన్ని కట్టే కార్మికుని రక్షణ మాత్రం వేరొక చట్టంలో, వేరొక శాఖ పరిధిలో రూపొందింది. ఈ రెండు చట్టధారలు నిర్మాణస్థలంలో కలుసుకోకపోవడమే నూరేళ్ళ సంస్కరణల్లో మిగిలిపోయిన ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు, భవన నిర్మాణ నియమాలు, నగరాభివృద్ధి మండలి, క్రమబద్ధీకరణ, స్వయం ధ్రువీకరణ, నిర్మాణ కార్మికులు, పాలమూరు వలస.

1. ఉపోద్ఘాతం

తెలుగు నగరాల్లో భవనానికి చట్టం దృష్టిలో రెండు ముఖ్యమైన పత్రాలు ఉంటాయి. మొదటిది నిర్మాణ అనుమతి. రెండవది నిర్మాణం పూర్తయిన తరువాత పొందే నివాసయోగ్యతా పత్రం. వాడుకలో దీనిని ఓసీ అంటారు. మొదటి పత్రం కాగితం మీది ప్లానుకు సంబంధించినది, రెండవది పూర్తయిన కట్టడానికి సంబంధించినది. ఈ రెంటికీ నడుమ నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు సాగే నిర్మాణకాలం ఉంటుంది. పునాది గొయ్యి తవ్వడం, సెంట్రింగు కట్టడం, శ్లాబు వేయడం ఈ కాలంలోనే జరుగుతాయి. ఆ శ్లాబు కిందనే కూలీల కుటుంబాలు వండుకొని, తిని, నిద్రించడం కూడా ఈ కాలంలోనే జరుగుతుంది.

భవన నియంత్రణ చరిత్రను సాధారణంగా పట్టణ ప్రణాళిక చరిత్రలో భాగంగా అధ్యయనం చేస్తారు. నిర్మాణ కార్మికుల చరిత్రను వలసల చరిత్రలో, కార్మికోద్యమ చరిత్రలో భాగంగా పరిశీలిస్తారు. ఒకే భవనానికి సంబంధించిన ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన ఉంచి చదివితే, వేర్వేరుగా చదివినప్పుడు కనిపించని ఒక ఖాళీ కనిపిస్తుంది. ప్రస్తుత వ్యాసం ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో కాలక్రమంలో వివరించే ప్రయత్నం చేస్తుంది. పరిశీలన ప్రధానంగా హైదరాబాదుకు పరిమితం. తెలుగు కార్మికులకు సంబంధించినంత మేరకు చెన్నై ఉదంతం ఒకటి ప్రస్తావనకు వస్తుంది.

2. వరద నుంచి నగరాభివృద్ధి మండలి దాకా

హైదరాబాదులో పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్న కాలంలో ఆరంభమైంది. అయితే ఇళ్ళు ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి అనే ప్రశ్నను ప్రభుత్వం ముందు బలంగా నిలిపింది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. నది ఒడ్డున ఉన్న బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. వరద నివారణ మార్గాలు సూచించడానికి 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించారు. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన ఆరంభంలో, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూలో దీనిని ఆరాయిష్-ఎ-బల్దా అన్నారు. బల్దా అంటే నగరం. నేటికీ తెలంగాణ పత్రికాభాషలో నగరపాలక సంస్థను ‘బల్దియా’ అనడంలో ఆ మాటే నిలిచి ఉంది. ఇటువంటి సంస్థలకు అప్పటికే బొంబాయిలో పూర్వరంగం ఉంది. 1896లో అక్కడ ప్లేగు ప్రబలిన తరువాత 1898లో బొంబాయి అభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. హైదరాబాదు మండలి కూడా కిక్కిరిసిన బస్తీలను తొలగించడం, రహదారులను వెడల్పు చేయడం, మురుగునీటి సౌకర్యం కల్పించడం, తక్కువ అద్దెకు నమూనా ఇళ్ళు కట్టించడం వంటి పనులు చేపట్టింది. పత్థర్‌గట్టి బజారు ఆ కాలపు కృషికి నేటికీ కనిపించే గుర్తు.

ఈ దశలో నియంత్రణకు ప్రాతిపదిక ప్రజారోగ్యం. ఇల్లు గాలి వెలుతురు లేనిదైతే రోగానికి నిలయమవుతుంది, నదికి మరీ దగ్గరైతే కొట్టుకుపోతుంది. కనుక రాజ్యం జోక్యం చేసుకోవాలి అన్నది ఆనాటి అవగాహన. జోక్యం చేసుకున్న సంస్థే స్థలాన్ని సేకరించి, తానే కట్టించింది. కట్టేవాడూ తనిఖీ చేసేవాడూ ఒక్కరే కావడం ఈ దశ ప్రత్యేకత. ఇతరులు కట్టుకొనే ఇంటిని దూరం నుంచి పరిశీలించి అనుమతించే పద్ధతి విస్తృతంగా స్థిరపడడానికి ఇంకా కొంత కాలం పట్టింది.

అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆంధ్ర ప్రాంతంలో 1920 నాటి జిల్లా పురపాలక చట్టం, అదే సంవత్సరం వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం అమలులోకి వచ్చాయి. రెండు తెలుగు ప్రాంతాలు వేర్వేరు పాలనల కింద ఉన్నా, గృహనిర్మాణాన్ని పట్టణానికి సంబంధించిన విషయంగా చూడడం రెండుచోట్లా దాదాపు ఒకే కాలంలో బలపడిందని గమనించవచ్చు.

3. నోటీసు, అనుమతి, ప్రణాళిక

హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టం, 1955 నేటి విధానానికి పునాది. భవనం కట్టదలచినవారు ముందుగా కమిషనర్‌కు నోటీసు ఇవ్వాలి, ప్లానులు సమర్పించాలి. నిర్ణీత గడువులో కమిషనర్ అభ్యంతరం తెలపకపోతే పని మొదలుపెట్టవచ్చు. నిర్మాణం ముగిసిన తరువాత పూర్తయినట్లు ధ్రువపత్రం సమర్పించాలి. అధికారి మౌనాన్ని అంగీకారంగా భావించే సూత్రం 2020లో కొత్తగా పుట్టినది కాదనీ, తొలి చట్టంలోనే దాని బీజం ఉందనీ దీనివల్ల తెలుస్తుంది. అధికారి జాప్యం నుంచి పౌరుని రక్షించడం ఆ నిబంధన ఉద్దేశం. ఆ ఉద్దేశం సమంజసమైనదే.

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, 1965 ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ఇతర పట్టణాలకు ఉమ్మడి చట్టం అయింది. 1970లో వెలువడిన జాతీయ భవన నిర్మాణ స్మృతి దేశం మొత్తానికి సాంకేతిక ప్రమాణాలను ఒకచోట కూర్చింది. 1983, 2005, 2016 సంవత్సరాల్లో దానిని సవరించారు. ఈ స్మృతి దానంతట అది చట్టం కాదు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ నియమాల్లో స్వీకరించిన మేరకే అది అమలవుతుంది. ఇందులోని నాలుగవ భాగం అగ్నిప్రమాద రక్షణకు సంబంధించినది. ఏడవ భాగం నిర్మాణ పద్ధతులకు, నిర్మాణ సమయంలోని భద్రతకు సంబంధించినది. అంటే సాంకేతిక నిపుణుల దృష్టిలో పని జరిగే సమయంలోని భద్రత కూడా భవన నిర్మాణ శాస్త్రంలో అంతర్భాగమే. ఈ వ్యాసంలో తరువాత వచ్చే చర్చకు ఇది ముఖ్యమైన ఆధారం.

ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల (అభివృద్ధి) చట్టం, 1975తో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, అంటే ‘హుడా’, ఏర్పడింది. నగరపాలక చట్టం ఒక్కొక్క ఇంటిని చూస్తే, ఈ చట్టం నగరం మొత్తాన్ని చూసింది. బృహత్ ప్రణాళిక, భూవినియోగ మండలాలు దీని సాధనాలు. నివాస ప్రాంతంలో కర్మాగారం రాకూడదు, చెరువు శిఖంలో లేఅవుటు రాకూడదు అన్నది దీని తర్కం. నియంత్రణ లక్ష్యం ఇక్కడ ఆరోగ్యం నుంచి స్థలవినియోగానికి మారింది.

1980లలో అపార్టుమెంట్లు పెరిగాయి. ఇల్లు కట్టేవాడు, అందులో ఉండేవాడు వేర్వేరు వ్యక్తులయ్యారు. ఈ మార్పుకు ప్రతిస్పందనగా 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల (నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్య) చట్టం వచ్చింది. కొనుగోలుదారు అనే కొత్త వ్యక్తి భవన చట్టంలో ప్రవేశించాడు. కట్టేవాడు, ఉండేవాడు వేరయ్యారని గుర్తించిన చట్టం, కట్టించేవాడు, కట్టేవాడు ఎప్పుడో వేరయ్యారని మాత్రం పట్టించుకోలేదు. వ్యవహారంలో ‘ఇల్లు కట్టాడు’ అనే మాటను యజమానికే అన్వయించడం తెలుగువారికి అలవాటు. చట్టభాష కూడా ఈ అలవాటును అనుసరించింది.

4. ఉల్లంఘన, తాకట్టు, క్రమబద్ధీకరణ

1990ల తరువాత హైదరాబాదు విస్తరించిన వేగం అనుమతుల వ్యవస్థకు అందలేదు. ప్లానులో చూపిన అంతస్తులకు మించి కట్టడం, ఖాళీగా వదలవలసిన స్థలాన్ని ఆక్రమించడం, వాహనాలకు ఉద్దేశించిన సెల్లారును దుకాణాలుగా మార్చడం సర్వసాధారణమయ్యాయి. దీనికి ప్రభుత్వం రెండు రకాలుగా స్పందించింది.

మొదటి స్పందన 2006 మార్చిలో జి.ఓ. 86గా వచ్చిన ఉమ్మడి భవన నియమాలు. స్థల విస్తీర్ణానికి అనుగుణంగా నిర్మాణ విస్తీర్ణాన్ని పరిమితం చేసే ఎఫ్‌ఎస్‌ఐ పద్ధతిని ఈ నియమాలు తొలగించాయి. రహదారి వెడల్పు, భవనం చుట్టూ వదిలే ఖాళీ స్థలం ఆధారంగా ఎత్తును నిర్ణయించాయి. నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని నోటరీ అఫిడవిట్ ద్వారా అనుమతి ఇచ్చే సంస్థకు హామీగా ఉంచాలని కోరాయి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ పొందిన తరువాతే ఆ భాగం యజమానికి విడుదలవుతుంది. చిన్న ఇళ్ళకు మినహాయింపు ఇచ్చాయి. అధికారి పదేపదే వచ్చి చూడలేడు కనుక, ఉల్లంఘిస్తే నష్టపోతాననే భయమే యజమానిని అదుపులో ఉంచాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. తనిఖీ స్థానంలోకి ఆర్థిక హామీ వచ్చింది. 2012లో జి.ఓ. 168 ఈ విధానాన్ని విస్తరించింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2017లో తన సొంత భవన నియమాలను రూపొందించుకుంది.

రెండవ స్పందన క్రమబద్ధీకరణ. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీల విలీనంతో మహానగర పాలక సంస్థ ఏర్పడింది. నగర విస్తీర్ణం మూడు రెట్లకు పైగా పెరిగింది. వేర్వేరు స్థానిక సంస్థల కింద కట్టిన లెక్కలేనన్ని భవనాలు ఒకే సంస్థ బాధ్యత అయ్యాయి. 2007 డిసెంబరు 31న జి.ఓ. 901 ద్వారా భవనాల అపరాధ రుసుము పథకం, జి.ఓ. 902 ద్వారా లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించారు. ఇది చివరి అవకాశమన్న భావన అప్పట్లో ఉంది. కాని తెలంగాణ ప్రభుత్వం 2015లో మళ్ళీ అటువంటి పథకాలనే ప్రకటించింది. భవనాల క్రమబద్ధీకరణ ఉన్నత న్యాయస్థానంలో వ్యాజ్యం వల్ల ఆగిపోయింది.

క్రమబద్ధీకరణను కేవలం ఆదాయమార్గంగా తేల్చివేయడం సరికాదు. పొదుపు మొత్తం పెట్టి ఫ్లాటు కొన్న కుటుంబాన్ని నిర్మాత చేసిన తప్పుకు వీధిన పడేయలేని పరిస్థితి ప్రభుత్వానికి ఉంది. అయితే దీని ప్రభావం నిర్మాణకాలం మీద పడింది. ముందు కట్టి తరువాత రుసుము చెల్లించవచ్చనే నమ్మకం ఏర్పడితే, అదనపు అంతస్తు మొదట మోసిన ప్లానుకు లెక్కించిన పునాది మీదే లేస్తుంది. రుసుము చెల్లించి కట్టడాన్ని చట్టబద్ధం చేయవచ్చు. దాని పునాదిని బలపరచడం రుసుముతో సాధ్యం కాదు.

5. కొనుగోలుదారుకు కవచం

కేంద్ర ప్రభుత్వం చేసిన స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 నిర్మాణరంగంలో వచ్చిన పెద్ద సంస్కరణల్లో ఒకటి. వాడుకలో ఇది ‘రెరా’. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని చేపట్టే ప్రాజెక్టులను నమోదు చేయాలి. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. స్వాధీనం చేసిన నాటి నుంచి 5 సంవత్సరాల లోపు నిర్మాణ లోపం బయటపడితే నిర్మాత తన ఖర్చుతో సరిచేయాలి.

భవనం నాణ్యతకు నిర్మాతను ఇంత స్పష్టంగా బాధ్యుణ్ణి చేసిన నిబంధన అంతకు ముందు అరుదు. కాని ఈ బాధ్యతా కాలం స్వాధీనంతో మొదలవుతుంది. స్వాధీనానికి ముందు అదే లోపం వల్ల అదే శ్లాబు కూలితే, దాని కింద ఉండేది కొనుగోలుదారు కాదు. లోపం ఒకటే అయినా, అది బయటపడిన తేదీని బట్టి బాధితుడు మారుతున్నాడు, అతనికి వర్తించే చట్టం మారుతోంది.

6. కట్టే చేతుల చట్టం

ఇంతవరకు పరిశీలించిన చట్టాలలో ఎక్కడా కేంద్రస్థానంలో లేని వ్యక్తి నిర్మాణ కార్మికుడు. తెలుగు నేలకు సంబంధించినంత వరకు ఈ వ్యక్తికి సుదీర్ఘ చరిత్ర ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి దేశంలోని అనేక ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు వెళ్ళిన కూలీలు ‘పాలమూరు లేబర్’ అనే పేరుతో ప్రసిద్ధులు. గుంపు మేస్త్రీ ఊరిలో ముందుగా కొంత సొమ్ము ఇచ్చి, కుటుంబాలను గుంపుగా పనిచోటికి తీసుకువెళ్ళే పద్ధతి వారిది. ముందు తీసుకున్న అప్పు తీరేవరకు పని మానలేని స్థితి అందులో ఉంది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు భవన నిర్మాణ పనుల కోసం సాగే వలస మరొక ధార. నగరంలో ఉదయాన్నే తాపీ, పార, గమేళాలతో కూలీలు నిలబడే కూడళ్ళను ‘అడ్డా’లంటారు. ఆ పనివారి హాజరు ఏ ప్లానులోనూ కనిపించదు.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. తరువాత నిర్మాణ కార్మికులకు ప్రత్యేక చట్టం కావాలని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వంటి ప్రముఖుల మద్దతుతో దేశవ్యాప్త ప్రచారోద్యమం సాగింది. దాని ఫలితంగా భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, దానితోపాటు సెస్సు చట్టం 1996లో వచ్చాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే నిర్మాణాలకు ఈ చట్టం వర్తించింది. పది లక్షల రూపాయలకు మించని సొంత ఇంటి నిర్మాణాన్ని మినహాయించారు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణరంగంలో పనిచేసిన 18–60 ఏళ్ళ వయసు వారు సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు.

ఈ చట్టంలోని మూడు నిబంధనలు ప్రస్తుత చర్చకు ముఖ్యమైనవి. ఒకటి, పని ప్రారంభానికి కనీసం 30 రోజుల ముందు యజమాని కార్మికశాఖ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వక నోటీసు ఇవ్వవలసి ఉండేది. రెండు, కార్మికులకు పనిస్థలంలో గాని, వీలైనంత సమీపంలో గాని ఉచిత తాత్కాలిక వసతి కల్పించవలసి ఉండేది. అందులో వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి వేరు సౌకర్యాలు ఉండవలసి ఉండేది. మూడు, భద్రతా నియమాలను ఉల్లంఘిస్తే మూడు నెలల వరకు జైలు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని విధించే వీలుండేది.

మొదటి నిబంధనను 1955 నగరపాలక చట్టంతో పోల్చి చూడాలి. ఒకే భవనానికి సంబంధించి ఒక నోటీసు కమిషనర్‌కు, మరొకటి కార్మికశాఖకు వెళుతుంది. రెండు కార్యాలయాలు, రెండు దస్త్రాలు. ఈ రెండు వ్యవస్థలూ కలిసే చోటు ఒకటి మాత్రం ఉంది. అది సొమ్ము. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సును స్థానిక సంస్థ అనుమతి సమయంలోనే వసూలు చేసే ఏర్పాటు 1998 సెస్సు నియమాల్లో ఉంది. నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి పత్రంలోని షరతుల్లోనూ కార్మికుల భద్రతకు, బీమాకు యజమాని బాధ్యుడనే వాక్యాలు కనిపిస్తాయి. కాని ఆ షరతు అమలును పనిస్థలంలో చూడవలసిన అధికారం వేరే శాఖది.

వసూలైన సొమ్ము సంగతి సుప్రీంకోర్టు 2018 మార్చి 19 నాటి తీర్పులో స్పష్టమైంది. దేశవ్యాప్తంగా సెస్సు రూపంలో 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలు కాగా, కార్మికుల కోసం ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని న్యాయస్థానం గుర్తించి, తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసింది. సొమ్ము కార్యాలయానికి చేరినంత తేలికగా కార్మికుణ్ణి చేరలేదని ఈ అంకెలు నిరూపిస్తాయి.

7. రెండు శిథిలాలు

2014 జూన్ 28న చెన్నై శివారులోని మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు పలువురు ఉన్నారు. అప్పటికి రాష్ట్ర విభజన జరిగి నెల కూడా కాలేదు. ఆ భవనానికి చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ అనుమతి ఉంది. విచారణ కోసం ఏర్పాటైన జస్టిస్ రఘుపతి కమిషన్ నిర్మాణపరమైన లోపాలను గుర్తించింది. పక్కనే ఉన్న జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కూల్చివేశారు.

ఆ కూల్చివేత జరిగిన ఐదు వారాలకు, 2016 డిసెంబరు 8 రాత్రి, హైదరాబాదు నానక్‌రాంగూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. మృతుల్లో విజయనగరం జిల్లా కూలీలు, ఛత్తీస్‌గఢ్ కూలీలు ఉన్నారు. అది నియమాలకు విరుద్ధమైన కట్టడమని అధికారులు ప్రకటించారు. నగరపాలక సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. కూలీల కుటుంబాలు ఆ అసంపూర్ణ భవనంలోనే నివసిస్తున్నాయి.

ఈ రెండు ఘటనల నడుమ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మొదటి భవనానికి అనుమతి ఉంది, రెండవది నియమోల్లంఘన. భవన నియంత్రణ చట్టం ఈ రెంటినీ పూర్తిగా భిన్నమైన కట్టడాలుగా చూస్తుంది. వాటి కింద ఉన్న కార్మికుల విషయంలో మాత్రం ఫలితం ఒకటే. అనుమతి ఉన్నంత మాత్రాన నిర్మాణస్థలం సురక్షితం కాదని మౌలివాక్కం తెలుపుతుంది. వసతికి సంబంధించిన 1996 నాటి నిబంధన అమలై ఉంటే, నానక్‌రాంగూడలో ఆ రాత్రి ఆ కుటుంబాలు ఆ కప్పు కింద ఉండవలసిన అవసరం లేదు. ఘటన తరువాత చర్చ అక్రమ కట్టడాల గురించి, వాటిని ఉపేక్షించిన పురపాలక అధికారుల గురించి ప్రధానంగా సాగింది. కూలీలు అక్కడ ఎందుకు నిద్రిస్తున్నారనే ప్రశ్న అంతగా ముందుకు రాలేదు.

8. 2020: నమ్మకమే నియంత్రణ

2020 అక్టోబరులో హైదరాబాదును మళ్ళీ వరదలు ముంచెత్తాయి. ఆ మరుసటి నెల, నవంబరు 16న, తెలంగాణ రాష్ట్ర భవన నిర్మాణ అనుమతుల, స్వయం ధ్రువీకరణ విధానం, అంటే టీఎస్-బీపాస్, అమలులోకి వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కరలేదు, నమోదు చాలు. 600 చదరపు గజాల లోపు స్థలంలో 10 మీటర్లకు మించని నివాస భవనానికి యజమాని స్వయం ధ్రువీకరణతో తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటికి ఏకగవాక్ష పద్ధతిలో 21 రోజుల గడువు ఉంటుంది. తప్పుడు వివరాలు ఇస్తే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది.

ఈ సంస్కరణ వల్ల కలిగిన మేలును గుర్తించాలి. ప్లాను మంజూరు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగి, మధ్యవర్తులకు సొమ్ము ముట్టజెప్పిన అనుభవం నగర మధ్యతరగతికి తరతరాలుగా ఉంది. పేదవాని చిన్న ఇంటిని అనుమతుల చిక్కు నుంచి విడిపించడం న్యాయమైన చర్య. ముందస్తు పరిశీలన స్థానంలో అనంతర పరిశీలనను ప్రవేశపెట్టారు గాని, పరిశీలనను పూర్తిగా తొలగించలేదు. అయితే అనంతర పరిశీలన చూసేది స్థలహక్కును, ప్లాను నియమానుసారంగా ఉన్నదా లేదా అన్న విషయాన్ని. పని జరిగే తీరు దాని పరిధిలోనిది కాదు.

అదే 2020లో కార్మికచట్టాల వైపు జరిగిన మార్పును దీనితో కలిపి చదవవలసి ఉంది. 1996 చట్టాన్ని, 1979 వలస కార్మికుల చట్టాన్ని వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో విలీనం చేశారు. సెస్సు చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. ఈ స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’ అయ్యాడు. సెస్సును యజమాని తానే మదింపు చేసుకొనే పద్ధతి వచ్చింది. సొంత ఇంటి నిర్మాణానికి మినహాయింపు పరిమితి 10 లక్షల నుంచి 50 లక్షల రూపాయలకు పెరిగింది.

పురపాలక చట్టంలో స్వయం ధ్రువీకరణ, కార్మికచట్టంలో స్వయం మదింపు ఒకే సంవత్సరంలో రూపుదిద్దుకోవడం యాదృచ్ఛికం కావచ్చు. రెండు సంస్కరణలనూ వేర్వేరు శాఖలు, వేర్వేరు ప్రభుత్వాలు, వేర్వేరు కారణాలతో రూపొందించాయి. కాని వాటి ప్రభావం ఒకే నిర్మాణస్థలం మీద పడుతుంది. 50 లక్షలకు మించని వ్యయంతో, స్వయం ధ్రువీకరణ మీద, సొంత నివాసంగా కట్టే ఇంటిని తీసుకుంటే, నిర్మాణకాలంలో దానిని చూడవలసిన రెండు కళ్ళలో ఒకటి యజమాని మాట మీద నమ్మకం ఉంచింది, రెండవది దానిని తన పరిధి నుంచే తప్పించింది. ఆ ఇంటి మీదకు సిమెంటు మోసే మనిషి ఏ కార్యాలయం దస్త్రంలోనూ లేడు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, హైదరాబాదు భవన నియంత్రణలో ప్రతి సంస్కరణా తన కాలపు బాధితుణ్ణి గుర్తించింది. వరదలో కొట్టుకుపోయిన నగరవాసి, ప్రణాళిక లేక ఇరుకైన నగరం, మోసపోయిన కొనుగోలుదారు, విసిగిపోయిన దరఖాస్తుదారు ఒకరి తరువాత ఒకరు చట్టం దృష్టికి వచ్చారు. ఈ వరుసలో నిర్మాణ కార్మికుడు లేడు. అతనికి చట్టం లేకపోలేదు. భవన చట్టంలో అతనికి చోటు లేదు.

రెండవది, తనిఖీ బాధ్యత క్రమంగా చేతులు మారింది. తానే కట్టించిన మండలి నుంచి పరిశీలించి అనుమతించే అధికారికి, అతని నుంచి తాకట్టుకు, దాని నుంచి యజమాని ధ్రువీకరణకు అది చేరింది. ప్రతి మార్పుకూ తగిన కారణం ఉంది. కాని ప్రతి మార్పూ ప్లాను చుట్టూనే జరిగింది. పునాది గొయ్యి దగ్గరకు చేరలేదు.

మూడవది, జాతీయ భవన నిర్మాణ స్మృతి తన ఏడవ భాగంలో నిర్మాణకాల భద్రతను భవన శాస్త్రంలో అంతర్భాగం చేసింది. సాంకేతికంగా ఏకమైన విషయాన్ని పాలనాపరంగా రెండుగా విడదీయడమే ఇక్కడి సమస్య. రెండు నోటీసులను ఒకే నోటీసు చేయడం, కార్మికుల వసతి చూపిన తరువాతే పని ప్రారంభానికి అంగీకరించడం, ఓసీ ఇచ్చే ముందు ఆ భవనం మీద పనిచేసినవారి నమోదు వివరాలు కోరడం వంటివి ఉన్న వ్యవస్థలోనే సాధ్యమయ్యే మార్పులు. సెస్సు వసూలుకు ఇప్పటికే కలిసిన రెండు శాఖలు తనిఖీకి కలవలేకపోవడానికి చట్టపరమైన అడ్డంకి కనిపించదు.

నాలుగవది పరిశోధనకు సంబంధించినది. భవన నియమాల చరిత్రకు జీవోలు, గెజిట్లు ఆధారాలుగా ఉన్నాయి. కట్టినవారి చరిత్రకు అటువంటి ఆధారాలు స్వల్పం. గుంపు మేస్త్రీల లెక్కల పుస్తకాలు, పాలమూరు, ఉత్తరాంధ్ర వలస కుటుంబాల మౌఖిక కథనాలు, తాపీపని, సెంట్రింగు పనివారి వృత్తిపదాలు తెలుగు శాఖల పరిశోధకులు సేకరించదగిన సామగ్రి. ఆనకట్టలు కట్టిన తరం వృద్ధాప్యంలో ఉంది. వారి కథనాలను ఇప్పుడు నమోదు చేయకపోతే, తెలుగు నగరాల నిర్మాణ చరిత్ర అనుమతి పత్రాల చరిత్రగానే మిగిలిపోతుంది.